గోతికి కొలతలు

ఈ కథలో ఒక్క పోగు కూడా అతికించింది కాదు. కావాలంటే దర్జీగారి భార్యను అడగండి. ఆవిడ కాదంటే, పాపం ఆవిడకు మతిమరుపు అనుకోండి.

ఆ సోమవారం పొద్దున పక్కింటి పచ్చికకు నీళ్లు పెట్టి, అక్కడి బెంచీ మీద తీరిగ్గా టీ తాగాలని దర్జీగారు అనుకున్నారు. ఆ ఇల్లు డాక్టరమ్మది. ముందురోజు రైలుకు పరుగెత్తుతూ ఆవిడ వీళ్ల గుమ్మంలో ఆగి, గేటు తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది. "శుక్రవారం వస్తాను. పచ్చిక బాగా చూసుకున్నారంటే తాళంచెవి ఇక మీ దగ్గరే ఉంచుకోండి" అంది. నలభై ఏళ్లు మిషను ముందు వంగిన నడుముకు ఆ బెంచీ స్వర్గం.

గేటు తీసి చూస్తే ఏముంది? పచ్చిక నడుమ వరసగా మూడు గోతులు!

వెంటనే మెడలోని టేపు దింపి బోర్లా పడుకున్నారు. "నోరు జానెడు, లోతు మూరెడు. అంచు చూశావుటే, కత్తిరించినట్టుంది! ఇది ముళ్లపంది పనే."

"మీ ముళ్లపంది దగ్గర పార కూడా ఉన్నట్టుందే" అంది గోడ అవతలినుంచి భార్య. "డాక్టరమ్మకి ఫోన్ చేసి అడగరాదూ?"

"కొలతలు తీసుకున్నాక మళ్లీ మనిషిని అడిగే దర్జీ ఉంటాడా? పరువు పోదూ!"

గోతులు పూడ్చేశారు. దొంగను పట్టాలని వేరుశనగ గింజలు చల్లి, అడుగులు పడేట్టు సుద్దముక్కలు పొడి చేసి చుట్టూ పోశారు. మర్నాటికి గింజలు లేవు, గోతులు పదకొండు. ఆయన మొహం వెలిగిపోయింది. "ఇవి ఉడతవి, ఇవి ముంగిసవి, ఇదిగో పందికొక్కు!"

"మొన్నటిదాకా ఒక్కటీ లేదు. మీరేగా విస్తరేసి పిలిచింది!"

"ముళ్లపంది ఇంకా దొరకలేదే" అని ఆయన ఈసారి బుట్టెడు చిలగడదుంపలు పరిచారు.

బుధవారం అడవిపందులు సకుటుంబంగా వచ్చి వెళ్లాయి. పచ్చిక కుట్లు విప్పిన బొంతలా తిరగబడింది. పెద్ద పంది, పోతూ పోతూ, బెంచీ మీద మరిచిపోయిన టేపును కూడా నమిలి మింగేసింది. గురువారమంతా దర్జీగారు అన్నం ముట్టలేదు.

శుక్రవారం డాక్టరమ్మ గేటు దగ్గరే నిలబడిపోయింది. ఆయన తలవంచుకుని తాళంచెవి తిరిగి ఇవ్వబోయారు. "తప్పయిపోయిందమ్మా. ముళ్లపందిని పట్టలేకపోయాను."

"ముళ్లపందా? గులాబీ మొక్కల కోసం ఆదివారం నేను మూడు గోతులు తవ్వానండీ. హడావిడిలో చెప్పడం మరిచాను. అవేవి?"

"అవి... పూడ్చేశానమ్మా."

డాక్టరమ్మ ఆ దున్నిన నేలను చూసింది, ఆయన మొహం చూసింది, నవ్వు ఆపుకోలేక గేటు మెట్ల మీద కూలబడింది. "పోనీలెండి, పచ్చిక గొడవ వదిలింది. తోటంతా గులాబీలే వేద్దాం. తాళంచెవి మీ దగ్గరే ఉంచండి. ఈసారి మాత్రం కొలిచే ముందు అడగండి!"

ఇందులో టేపును పంది మింగిందన్న ముక్క ఒక్కటే కల్పన. దాన్ని ఆయన భార్య బుధవారమే బియ్యం డబ్బాలో దాచేసింది.