తెలుగు రాని పళ్ల డాక్టరు

పుంగనూరు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు రెడ్డెప్ప ఈల ఊదితే మైదానం పక్కన మేసే మేకలు కూడా వరుసలో నిలబడతాయని పేరు. అంతటి మనిషికి పళ్ల డాక్టరంటే మాత్రం వణుకు. ఈమధ్య ఒక దవడ పన్ను పుచ్చి, చెంప బూరెలా పొంగితే, భార్య వెంకటరత్నమ్మ బలవంతాన మదనపల్లెకు లాక్కుపోయింది. అక్కడి డాక్టరు నోట్లో వేలు పెట్టాడు. రెడ్డెప్ప కొరికాడు. డాక్టరు తన వేలికి తానే కట్టు కట్టుకుంటూ, "మీలాంటి వాళ్లకు మత్తిచ్చి చూసే డాక్టర్లు ఉంటారు సార్, అక్కడికి పోండి" అని సాగనంపాడు.

అందుకే ఆ పొద్దున టిఫిన్లు కాగానే కూతురు భవ్య ఫోను పట్టుకుని కూర్చుంది. కనపడిన ప్రతి క్లినిక్కుకూ ఫోన్ చేసి, మత్తు పళ్ల డాక్టరే ఇస్తాడా, దానికి వేరే డాక్టరు ఉన్నాడా, ఆక్సిజన్ ఉందా, నాన్నలా షుగరున్న మనిషికి ఏం జాగ్రత్తలు తీసుకుంటారు అని గుచ్చి గుచ్చి అడుగుతోంది. నొప్పి తెలియదన్న ఒక్క ముక్క విని రెడ్డెప్ప కూడా హాయిగా కాఫీ తాగుతున్నాడు. సరిగ్గా అప్పుడే సదుం నుంచి బావమరిది గోపాలస్వామి ఫోన్ చేశాడు.

"బావా, మత్తుతో జాగర్త. మా ఊరి లక్ష్మయ్య ఆపరేషన్ టేబుల్ మింద కడుపులో ఉండేదంతా వాగేసినాడంట. ఆయప్ప పెండ్లాం ఇంగా పుట్టింట్లోనే ఉండాది."

రెడ్డెప్ప కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. ఆయన కడుపులో ఉన్నది ఒక పొట్టేలు. వెంకటరత్నమ్మ గంగమ్మకు మొక్కుకుని, తమ్ముడి మందలో వదిలిన పొట్టేలు అది. పోయినేడు ఒక ముసురు రోజున బావా బావమరిదీ కలిసి దాన్ని కోసుకుని తినేశారు. చిరుతపులి ఎత్తుకుపోయిందని ఆమెకు చెప్పారు. ఆమె ఊరుకోలేదు. అటవీ శాఖ వాళ్లకు ఫిర్యాదు చేసింది. వాళ్లు పాపం బోను తెచ్చి పెట్టారు. సదుంలో జనం నెలల తరబడి పొద్దు వాలితే తలుపులు తీయలేదు.

"భవ్యా, తెలుగు రాని డాక్టరు ఎవురన్నా ఉండారేమో సూడుమ్మా."

"యాల నాన్నా?"

"బాస రాకపోతే పేషెంటుతో కబుర్లు పెట్టుకోరు. పని మింద ద్యాస ఉంటాది."

అలా తమిళనాడు సరిహద్దులోని కుప్పం తేలింది. అక్కడొక డాక్టరమ్మ భయస్తులకూ, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకూ మత్తిచ్చి పళ్లు చూస్తుందట. మత్తుకు వేరే డాక్టరు వస్తాడని, షుగరు రోగుల విషయంలో అన్నీ ముందే కనుక్కుంటారని తెలిసి భవ్యకు నచ్చింది. ఫోనెత్తిన మనిషి తమిళంలో మాట్లాడిందని రెడ్డెప్పకు నచ్చింది.

తోడు తప్పకుండా రావాలన్నారు. "గోపాలస్వామి వస్తాడులే, నువ్వు యాల శ్రమపడేది?" అన్నాడు రెడ్డెప్ప. "నేను బతికుండంగా ఇంగొకరా?" అంటూ వెంకటరత్నమ్మ ముందుగానే కారెక్కింది. రెడ్డెప్ప బావమరిదిని కూడా పిలిపించి చాటుగా చెప్పాడు: "లోపలినుంచి నా గొంతు వినపడితే మీ అక్కను టీ తాగను తీసుకపో. తిరిగి రావద్దు." కారు భవ్య నడిపింది.

కుప్పం క్లినిక్కులో చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకున్న ఒక అమ్మాయి తల్లి చేయి పట్టుకుని లోపలికి వెళ్లి, పన్ను చూపించుకుని, నిదానంగా బయటికి వచ్చింది. ఆమెకు మత్తు అవసరమే పడలేదు. ఆమె వెనకే డాక్టరమ్మ గుమ్మంలోకి వచ్చి రెడ్డెప్పను చూసి చేతులు జోడించింది.

"నమస్తే సార్! మాది మదనపల్లె పక్కన కురబలకోట. మా తమ్ముడు మీకాడే కబడ్డీ నేర్చుకున్యాడు. ఈడ మన వైపు మాట మాట్లాడేవాళ్లు దొరికేదే అరుదు. రండి సార్, తనివితీరా మాట్లాడుకుందాం!"

రెడ్డెప్ప వెనక్కి తిరిగి మెట్లవైపు నడిచాడు. పన్ను భయమనుకుని ఇద్దరు నర్సులు చెరో రెక్కా పట్టుకుని బుజ్జగిస్తూ లోపలికి తీసుకుపోయారు.

కొంతసేపటికి ఒక నర్సు బయటికి వచ్చింది. "రెడ్డెప్ప సార్ ఇంట్లోవాళ్లు ఎవరు? సార్ అంతా చెప్పేసినారు. మీరూ ఒకసారి చెప్పండి, రెండూ ఒకటేనా అని చూసుకోవాల."

గోపాలస్వామి అమాంతం అక్క కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"అక్కా, చిరుత లేదు, ఏమీ లేదు. పొట్టేలును కోసింది నేనే. కోద్దామన్నింది మాత్రం బావ. తలకాయ కూర అంతా ఆయనే తిన్యాడు!"

వెంకటరత్నమ్మ తేరుకునేలోపు భవ్య కూడా ఏడుపు అందుకుంది. "అమ్మా, నాకు లైసెన్సు రాలేదు. టెస్టులో పోయింది. నీకు చెప్పొద్దని నాన్నే అన్యాడు."

నర్సు ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. "నేనడిగింది షుగరు మాత్రల సంగతి," అంది.

పన్ను పీకడం అయ్యాక డాక్టరమ్మ వచ్చి మెచ్చుకుంది. "సార్ పసిబిడ్డ మాదిరి నిద్రపోయినారు. ఒక్క మాట మాట్లాడలేదు. నోట్లో దూది పెట్టినాం, అరగంట పోయినాక తీసేయండి."

తూలుతూ వచ్చిన రెడ్డెప్ప తాను ఒక్క మాట మాట్లాడలేదన్నది విన్నాడు. గెలిచిన జట్టు కెప్టెన్‌లా బావమరిది వైపు బొటనవేలు ఎత్తి చూపాడు. గోపాలస్వామి గోడ వైపు చూశాడు.

తిరుగు ప్రయాణంలో కారు గోపాలస్వామికి అప్పజెప్పారు. భవ్య ముందు సీట్లో తల వంచుకుని కూర్చుంది. వెనక సీట్లో భర్త పక్కన సర్దుకుని కూర్చున్న వెంకటరత్నమ్మ కుప్పం దాటాక మెత్తటి గొంతుతో అడిగింది.

"ఏమయ్యా, ఆ చిరుతకు ఉప్పూ కారం సరిపోయినాయా?"

దూదిని అరగంట తర్వాత తీసేయవచ్చని డాక్టరమ్మ చెప్పింది. రెడ్డెప్ప పుంగనూరు చేరేదాకా తీయలేదు.