బయటివారికి పీట వేసిన పరిషత్తు

రాయ్‌పూర్ తెలుగు విద్వత్ పరిషత్తు ఇకమీదట అందరిదీ అవుతుందని అధ్యక్షులు మల్లేశ్వరరావుగారు ప్రకటించారు. ఆ ప్రకటన విన్నది ఆయనతో కలిపి పదకొండు మంది. పరిషత్తులో ఉన్నదీ ఆ పదకొండు మందే. అందరూ మగవాళ్ళు, అందరూ రైల్వేలోనో స్టీలు ప్లాంటులోనో ఆఫీసర్లుగా రిటైరైనవాళ్ళు, అందరికీ మోకాళ్ళ నొప్పులు. చప్పట్లు మాత్రం గట్టిగానే మోగాయి.

ఇంతటి విశాల హృదయానికి కారణం ఢిల్లీ సమాఖ్య పంపిన సర్క్యులర్. విద్వత్ సంఘాల్లో ఆడవాళ్ళు, కూలీలు, ఇన్నాళ్ళూ బయట ఉండిపోయినవాళ్ళు కనిపించాలట. లేకపోతే గుర్తింపు రద్దట.

ఆ ఊళ్ళోనే మోవా పేటలో టీచరుగా పనిచేసే ఉమారాణికి దినపత్రికలో ఆ వార్త చదవగానే ప్రాణం లేచొచ్చింది. శ్రీకాకుళం నుంచి రైలుపట్టాల పనికి వచ్చిన ఆడకూలీల పాటలు ఆమె తొమ్మిదేళ్ళుగా సేకరిస్తోంది. సగానికి పైగా ఊరి పక్కన ధర్సీవాలో ఉండే వరహాలమ్మ పాడినవే. వరహాలమ్మకి ఎనభై మూడేళ్ళు, నాలుగడుగులు వేస్తే ఊపిరందదు. ఆవిడ ఎదురుగా కూర్చుని వింటుండగా పరిషత్తు వార్షిక సభలో ఆ పాటలమీద వ్యాసం చదవాలని ఉమారాణి కోరిక. వచ్చే ఏడాది దాకా ఆగితే ఆవిడ ఉంటుందన్న నమ్మకం లేదు.

పరిషత్తు ఆఫీసుకి వెళ్తే కార్యదర్శి గురునాథంగారు ఉమారాణికి టీ ఇప్పించారు.

"సభలో పేపర్ చదవాలంటే మెంబరై ఉండాలమ్మా."

"అయితే చేర్చుకోండి సార్."

"ఇద్దరు మెంబర్లు ప్రపోజ్ చెయ్యాలి."

"మీరే చెయ్యండి."

"ఎలా చేస్తాం? మీరు సభలో పేపర్ చదవగా మేం ఎప్పుడూ వినలేదే! బినా సునే సంతకం కైసే?"

ఉమారాణికి ఒళ్ళు మండింది. వరహాలమ్మ గుర్తొచ్చి దండం పెట్టి వచ్చేసింది.

పరిషత్తు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. బయట ఎవరు ఉండిపోయారో తేల్చడానికి సర్వే పెట్టింది. 'పరిషత్తు మిమ్మల్ని ఎప్పుడైనా దూరంగా ఉంచిందా?' అని అడుగుతూ మెంబర్లందరికీ ఫారాలు పంపింది. పదకొండు మందీ 'లేదు' అని రాశారు. 'లేదు, పైగా సమోసా కూడా పెడతారు' అని ఒకాయన వివరంగా రాశాడు. నూటికి నూరు శాతం! మల్లేశ్వరరావుగారి కళ్ళు చెమర్చాయి.

"నాకు ఫారం రాలేదేం సార్?" ఉమారాణి ఫోన్ చేసింది.

"రిజిస్టర్లో మెంబర్ల అడ్రసులే ఉన్నాయమ్మా. బయటివాళ్ళవి మాకెలా తెలుస్తాయి?" అన్నారు గురునాథంగారు.

వారంపాటు రోజూ ఫోన్ చేస్తే చివరికి ఆయన కరిగారు. వ్యాసం కుదరదు, సభ ఆఖర్న ముసలావిడ చేత ఒక పాట పాడించుకోవచ్చు, ఐదే నిమిషాలు. అదే పదివేలనుకుంది ఉమారాణి.

సభనాడు వేదికమీద పదకొండు సోఫాలు వేశారు. మధ్యలో పూలదండ వేసిన కుర్చీ ఒకటి. దానికి కట్టిన అట్టమీద 'ఇన్నాళ్ళూ బయట ఉండిపోయినవారికి' అని రాసి ఉంది. అందరినీ కలుపుకోవడం గురించి పదకొండు మందీ మాట్లాడారు. మూడు గంటల తర్వాత వరహాలమ్మని పిలిచారు. నాలుగు మెట్లెక్కేసరికి ఆవిడకి ఆయాసం వచ్చి, ఎదురుగా కనిపించిన ఆ కుర్చీలో కూలబడింది.

గురునాథంగారు పరిగెత్తుకొచ్చారు.

"లేవండమ్మా, లేవండి! అందులో కూర్చోకూడదు."

"ఎవులైనా వొత్తారేటి బాబూ? ఒక్క నిమిసం, ఆయాసం తగ్గితే లెగుత్తాను."

"ఎవరూ రారు. అది బయట ఉండిపోయినవాళ్ళది."

"ఆ బయట ఉండిపోయింది ఈవిడే సార్!" ఉమారాణి కిందనుంచి అరిచింది.

మల్లేశ్వరరావుగారు మైకు పక్కకి జరిపి ఓపిగ్గా చెప్పారు. "దేఖో అమ్మా, ఈవిడ కూర్చుంటే కుర్చీ నిండిపోతుంది. ఢిల్లీకి ఫోటో పంపాలి. బయటివాళ్ళ కోసం చోటు ఉంచామని ఎలా చూపిస్తాం?"

వరహాలమ్మ మెల్లగా లేచి, తను కూర్చున్నచోట కొంగుతో తుడిచింది. ఉమారాణి పైకెక్కి ఆవిడ చెయ్యి పట్టుకుని దింపింది.

పాటకిచ్చిన ఐదు నిమిషాలూ ఫోటోకే సరిపోయాయి. ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. సమాఖ్యవాళ్ళు దాన్ని దేశంలోని సంఘాలన్నిటికీ పంపి, ప్రతి వేదికమీదా ఇలాంటి కుర్చీ ఒకటి ఉంచాలని, దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ ఖాళీగానే ఉంచాలని ఆదేశించారు.