మూడు గడియల్లో మందు

ఒక పెద్ద అడవిలో, ఏ మూల ఎవరికి జ్వరం వచ్చినా మందు పక్క చెట్టు తొర్రలోనే దొరికేది. ఉడుతలు తిప్పతీగ కోసుకొచ్చి, ముక్కలు చేసి ఎండబెట్టి, ఏడు పేటల్లో ఏడు తొర్రల్లో దాచేవి. అడిగితే ఇచ్చేవి, అయిపోతే మళ్ళీ తెచ్చేవి. అక్కడే వచ్చింది చిక్కు. తమ ప్రమేయం లేకుండా పని జరిగిపోతుంటే పెద్దవాళ్ళకి అన్నం సహించదు కదా.

సింహరాజుగారి కొలువులో సరఫరాల మంత్రి జంబయ్య అనే నక్క. ఆయన పక్క అడవికి వెళ్ళి వారం రోజులుండి వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ నడకే మారిపోయింది.

"ఏడు తొర్రలేమిటి ప్రభూ, చూడ్డానికే అసహ్యంగా! అక్కడ ఒకటే గోదాము. అడవి నడిబొడ్డున. ఎవరడిగినా మూడు గడియల్లో గుమ్మం ముందు మందు."

"మరి మన దగ్గర ఎంతసేపు పడుతోంది?" అన్నారు రాజుగారు.

"ఎవరికి తెలుసు ప్రభూ? రాసేవాడేడీ?"

వాగవతల తొర్ర చూసుకునే ముసలి ఉడుత బుడ్డమ్మ అక్కడే ఉంది. "చెట్టు దిగినంతసేపు పడుతుందయ్యా," అంది. "రేపు వానాకాలం వాగు పొంగితే మీ గోదాము నుంచి మందెలా దాటిస్తారు?"

జంబయ్య బండ మీద బొగ్గుతో గీసిన పటం చూపించాడు. "ఇందులో వాగెక్కడుందో చూపించు."

పటంలో వాగు లేదు. జంబయ్య గీయడం మర్చిపోయాడు. కొలువంతా భేష్ అని తలూపింది.

గోదాము లేచింది. తొర్రల్లో సరుకంతా అక్కడికి చేర్చారు. వాగవతలి సరుకు మొయ్యడానికి మాత్రం ఎవరూ ముందుకు రాలేదు. దాన్ని అక్కడే ఉంచి, తొర్ర మూతికి జిగురు పూసి, జంబయ్య తన పంజాతో ముద్ర వేశాడు. గోదాము నుంచి కాగితం రాకుండా ముద్ర విప్పినవాళ్ళు అడవి విడిచి పోవాలన్నాడు.

మందు చేర్చడానికి కుందేలు, సమయం రాయడానికి కొంగ. కుందేలు గోదాము గుమ్మం దాటగానే కొంగ గడియల లెక్క మొదలుపెట్టేది. మూడు గడియలు కాగానే 'చేరింది' అని రాసేసేది.

"చేరిందని నీకెలా తెలుసు?" అని ఒకసారి రాజుగారే అడిగారు.

"చేరకపోతే చెప్పడానికి వాళ్ళు ఇంతదూరం రావాలి కదా ప్రభూ. వాళ్ళు వచ్చేలోగా అక్కడ చేరిపోతుంది."

రాజుగారికి ఈ జవాబు భలే నచ్చింది. మొదటి నెల వందకి వంద సమయానికి చేరాయి. జంబయ్య మెడలో దండ పడింది.

ఆషాఢంలో జంబయ్య పెళ్ళాంబిడ్డలతో వాగవతల అత్తగారింటికి వెళ్ళాడు. మూడో రోజు కూతురు చిట్టికి జ్వరం తగులుకుంది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. అటుగా ఎగిరిపోతున్న ఓ చిలకతో గోదాముకి కబురంపి, జంబయ్య వాగు ఒడ్డుకి పరిగెత్తాడు. సాయంత్రానికి అవతలి గట్టున కుందేలు కనిపించింది. చంకలో మందు మూట ఉంది. మధ్యలో వాగు గట్లు తెంచుకుని పారుతోంది.

"దాటవేంరా?" అని అరిచాడు జంబయ్య.

"వాగండీ!"

"పటంలో లేదుగా!"

"పటంలో లేదండీ. ఇక్కడుంది. అయినా తమరు కంగారు పడకండి, మీ మందు చేరిపోయిందని కొంగ ఎప్పుడో రాసేసింది."

జంబయ్య వెనక్కి పరిగెత్తాడు. పిల్లని ఎత్తుకుని బుడ్డమ్మ తొర్ర ముందు కూలబడ్డాడు. "విప్పు తల్లీ."

"ముద్ర మీదే బాబూ. కాగితం లేకుండా విప్పితే నన్ను అడవిలోంచి పొమ్మంటారు."

"కాగితం అవతలి గట్టున ఉంది. నా బిడ్డ ఇక్కడ పోతోంది."

జంబయ్య ఏడ్చాడు. ఉన్నమాట చెప్పుకోవాలి, నిజంగానే ఏడ్చాడు. బుడ్డమ్మ పిల్ల మొహం ఒకసారి చూసింది. జిగురుని పళ్ళతో కొరికేసింది. రెండు పూటల కషాయంతో చిట్టి లేచి కూర్చుని తినడానికి ఏముందని అడిగింది.

వాగు తగ్గాక కొలువు కూడింది. ఇక తొర్రలన్నీ తెరిపిస్తాడని అందరూ అనుకున్నారు. జంబయ్య గొంతు సవరించుకున్నాడు.

"ప్రభూ, స్వయంగా వెళ్ళి పరీక్షించాను. గోదాము పనిలో వంక పెట్టడానికి లేదు. మా పిల్ల మందు కూడా మూడు గడియల్లో చేరినట్టు పుస్తకంలో ఉంది. దొరికిన తప్పు ఒక్కటే. వాగవతల ముద్ర ఎవరో కొరికారు."

బుడ్డమ్మని పిలిపించి, అడవి విడిచి పొమ్మని ఆజ్ఞ చదివి వినిపించారు. ఆవిడ అంతా విని, "పిల్లకెలా ఉంది బాబూ?" అంది.

జంబయ్య అప్పటికే ఆజ్ఞ మీద పంజా ముద్ర వేస్తున్నాడు. ఆ వారంలోనే తన అత్తగారి కాపురాన్ని గోదాము వెనక గుహలోకి మార్పించాడు.

నీతి: మందు వేళకి అందాలంటే గోదాము పక్కన పుట్టాలి, లేకపోతే మంత్రిగారికి అత్తగారైనా అయ్యుండాలి.