చందమామను జప్తు చేయలేరు

ప్రేమపాటల్లో పోలికలు దండగ అనేవాళ్ళకు లోకజ్ఞానం లేదు. మగవాళ్ళు ఇంకా కాపురాలు నెట్టుకొస్తున్నారంటే అది ఆ పోలికల చలవే!

పెద్దమనుషులు కొందరు నన్ను నిలదీస్తున్నారు. ఈ పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో రేడియోలో వస్తున్న గిటారు పాటలేమిటి, పిల్లవాడు గొంతు చించుకోవడమేమిటి, ఒక్క చరణంలోనే పిల్లను మెరుపనీ తుఫాననీ నిప్పుకణికనీ అనడమేమిటి, ఆమె మనిషా లేక వాతావరణమా అని. అయ్యా, మనిషైతే జవాబు చెప్పుకోవాలి. మెరుపుకు ఎవడు జవాబు చెప్పాలి? ఇంత సుఖం మీకెందుకు అర్థం కాదు?

నేను చదివింది నాలుగో జమాతే. అయినా ఒకటి ఒప్పుకుంటాను. మన నల్గొండ నేలకు కొన్ని పోలికలు దిగవు. నీ కురులు కారుమబ్బులు అంటే మద్రాసులో పిల్ల సిగ్గుపడుతుందేమో! ఇక్కడ మబ్బంటే నాలుగు రోజులు ఊరించి, చినుకు రాల్చకుండా పొరుగు తాలూకాకు పోయేది. జింక కళ్ళు అంటే, పోయినేడు జొన్నచేను మేసిపోయిన జింకలు గుర్తొచ్చి కర్ర వెతుక్కుంటారు. నా గుండెలో అగ్గి అంటే గుడిసెలవాళ్ళంతా బిందెలు పట్టుకొని ఉరికొస్తారు. తప్పు పాటది కాదు. వాన పడని జాగాలో పుట్టడం మనది.

నమ్మకపోతే చిట్యాల దగ్గరి బీరన్న సంగతి వినండి.

బీరన్న గొర్లకాపరి. అతని పెళ్ళిలో భార్య బక్కమ్మకు పుట్టింటివాళ్ళు ఒక గొర్రెను అరణమిచ్చారు. అరణం గొర్రె ఆడపిల్ల సొంతం. దాని పిల్లలూ ఆమెవే, దాని ఉన్నీ ఆమెదే. మొగుడి మందలో మేస్తుంది, అంతవరకే. కలిసిపోకుండా బక్కమ్మ దాని చెవికీ, దాని రెండు పిల్లల చెవులకూ ఎర్రగుడ్డ పీలికలు కట్టుకుంది.

బీరన్నకు పాటల మీద మనసు పోయింది. ట్రాన్సిస్టర్ కొనాలి. సొంత గొర్రెలు అరవై ఉన్నాయి. ఏ ఒక్కదాని మీద చెయ్యి వేసినా ప్రాణం ఒప్పలేదు. పీలికలున్న మూడింటి మీద వేస్తే ఎందుకో ఒప్పింది! వాటిని అంగట్లో అమ్మి, పాతదొక ట్రాన్సిస్టర్ కొని, దాన్ని భుజాన వేసుకొని పాడించుకుంటూ ఇంటికొచ్చాడు. బక్కమ్మ పాట అయ్యేదాకా కూడా ఆగలేదు. చీరలు మూటగట్టుకొని, చౌటుప్పల్ అవతల ఉన్న తల్లిగారింటికి నడిచింది.

ఎనిమిది రోజులు బీరన్న జొన్న గటక తిని బతికాడు. కష్టం అది కాదు. పొద్దున లేచి అలవాటుకొద్దీ తనకొకటి, బక్కమ్మకొకటి రెండు చెంబుల నీళ్ళు ముంచేవాడు. ముంచాక రెండోది చేతిలో పట్టుకొని వాకిట్లో నిలబడిపోయేవాడు. పారబోయ బుద్ధి కాదు. తాగ బుద్ధి కాదు.

ఈ గోడు చిట్యాలలో చాయ హోటల్ నడిపే గులాం నబీకి చెప్పుకున్నాడు. రెండో చెంబు ముచ్చట చెబితే నబీ నవ్వాడు. చెంబుల మాట ఆడవాళ్ళ దగ్గర ఎత్తకు, ఇజ్జత్ పోతుంది, పాటలో హీరో ఏమన్నాడో అదే అను అని సలహా ఇచ్చాడు. ముఖమంటే చందమామ, దుఃఖమంటే తుఫాను అని వరుసగా నేర్పాడు. దీనికి కరగని ఆడది ఉంటే హోటల్ మూసేస్తానన్నాడు. ఆ హోటల్ ఇంకా తెరిచే ఉంది. మాట మీద నిలబడటం పాటగాళ్ళకే లేదు, చాయవాళ్ళకు ఎక్కడిది?

పొద్దుటి బస్సుకు బీరన్న అత్తగారింటికి పోయాడు. అత్త రామమ్మ కాళ్ళకు నీళ్ళిచ్చి, మంచం వాల్చింది. బక్కమ్మ తల ఎత్తకుండా జొన్నలు చెరుగుతోంది.

"నీ ముఖం చందమామ లెక్క ఉంటదే," అన్నాడు బీరన్న.

బక్కమ్మ చాట ఆపింది. చిన్నప్పుడు అమ్మవారు పోసి, ఆమె ముఖమంతా మచ్చలు.

"నాకు మచ్చలున్నయని జెప్పనీకి బస్సెక్కి వచ్చినవా?"

బీరన్న చెమట తుడుచుకొని తుఫానుకు పోయాడు. నువ్వు లేక నా గుండెలో తుఫాను లేస్తోందన్నాడు. రామమ్మ దగ్గరికొచ్చి, నల్గొండ దవాఖానలో మంచి డాక్టరు ఉన్నాడట, జర చూపించుకో అల్లుడా అంది. ఆమె వెటకారం చేయలేదు. నిజంగానే బెంగపడింది.

ఇక మిగిలింది ఆఖరి చరణం. బీరన్న గొంతు సవరించుకున్నాడు.

"నీ కోసం నా పాణమిస్త, బక్కమ్మ."

"పాణం నేనేం జేసుకుంట? నా గొర్రెల నాకియ్యి."

బీరన్న నసిగాడు. "అవి అమ్ముడువోయినయి గదనే."

"నీ మందల అరవై ఉన్నయి. మూడు ఏరి తోల్కరా. గవి నా వాకిట్ల నిలవడ్డంక మాట్లాడుదం."

"మూడా?" అన్నాడు బీరన్న.

బక్కమ్మ మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. తిరుగు బస్సు సగం దూరం వచ్చాక బీరన్నకు రెండో చెంబు సంగతి చెప్పనేలేదని గుర్తొచ్చింది. అది ఏ చరణంలోనూ లేదు మరి!

ఇప్పుడు చెప్పండి, పోలికలు గొప్పవా కావా? చుక్కలు కోసుకొస్తానన్నవాణ్ణి ఏ పంచాయతీ అయినా పిలిచిందా? ప్రాణమిస్తానన్నవాడి ఇంటి ముందు ఎవరైనా తాడు పట్టుకొని నిలబడ్డారా? సినిమా కవులు తెలివైనవాళ్ళు. నీది నీకు తిరిగిస్తాను అని ఏ పాటలోనైనా రాశారేమో వెతకండి. రాస్తే అది పాట కాదు, బాకీ.

బీరన్న మూడు రోజులుగా మందలోనే ఉన్నాడు. బలమైన గొర్రెను పట్టుకుంటాడు, మనసొప్పక వదిలేస్తాడు. ముసలిదాన్ని పట్టుకుంటాడు, బక్కమ్మ దాని పళ్ళు చూసి వయసు చెబుతుందని గుర్తొచ్చి దాన్నీ వదిలేస్తాడు. పాపం, ఆమె ప్రాణమే అడిగి ఉంటే ఆ రోజే ఇచ్చేసి వచ్చేవాడు.