టాక్సీలో వచ్చినవాడు

షాంఘై నగరంలో టాక్సీ ఎక్కదలచిన తెలుగువారెవరైనా ముందుగా అమెరికాలోని శాన్ రామన్‌లో శిక్షణ పొందవలెనని తెలుగు బంధుమిత్ర మండలి కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది. అలా ఎక్కదలచినవాడు ఊరు మొత్తం మీద ఫణి ఒక్కడే. అతనికీ కోరికేమీ లేదు, ఆఫీసువాళ్లు పంపుతున్నారు. అయినా మనవాడొకడు ముక్కూ మొహం తెలియనివాడి కారులో కూర్చోబోతున్నాడంటే చూస్తూ ఊరుకోవడానికి మండలి ఏమీ చచ్చిపోలేదు.

శిక్షకులుగా అధ్యక్షులు శ్రీ భీమశంకరంగారే ఉండాలన్నారు. ఆయనకంటే అర్హులు అమెరికా ఖండంలో లేరు. రిటైర్ కాకముందు ఆయన ఒకసారి షాంఘైలో విమానం మారారు. ఆ కాస్త వ్యవధిలోనే విమానాశ్రయం అద్దాల్లోంచి కింద నిలబడిన టాక్సీలను క్షుణ్ణంగా పరిశీలించారు.

శిక్షణ ఇండియన్ స్టోర్ వెనక పార్కింగ్ లాట్‌లో జరిగింది. కార్యదర్శి ధర్మారావుగారి మినీవ్యాన్ టాక్సీగానూ, ధర్మారావుగారు చైనా డ్రైవరుగానూ నటించారు. ఎంత మాట్లాడినా ఒక్క ముక్క అర్థం కానట్టు ఆయన అలా చూస్తూ ఉండిపోవడం అద్భుతంగా ఉందని అందరూ అన్నారు. ఇంట్లోనూ ఇంతేనని ఆయన భార్య చెప్పారు.

భీమశంకరంగారు మైకు అందుకున్నారు. "ఫ్రెండ్స్! టాక్సీ అంటే కారు కాదు, అదొక రిలేషన్‌షిప్! ఎక్కగానే డ్రైవర్‌ని ఏ ఊరు, పిల్లలెంతమంది, సొంతిల్లా రెంటా అని అడగాలి. అడక్కపోతే మనం కొత్తవాళ్లమని కనిపెట్టేస్తాడు. హోటల్‌వాళ్లు చైనా భాషలో అడ్రస్ రాసిన కార్డు ఇస్తారు. దాన్ని మాత్రం చచ్చినా బయటికి తీయొద్దు. అడ్రస్ తెలిసిపోయాక వాడింక మన మాటెందుకు వింటాడు?"

చప్పట్లు మోగాయి. ఫణి కూడా కొట్టాడు గానీ, అతని మనసు మనసులో లేదు. తిరిగొచ్చే రోజు సాయంత్రం కూతురు ఇషాకి కూచిపూడి ప్రోగ్రాం ఉంది. పొద్దున్నే అది నిలేసింది. "డాడీ, లాస్ట్ టైమ్ కూడా వస్తా అన్నావ్. కర్టెన్ క్లోజ్ అయినాక వచ్చావ్. ఈసారి ప్రామిస్ చెయ్." ఫణి దాని చేతిలో చెయ్యేసి చెప్పాడు.

పోయినసారి విమానం ఆలస్యం కాలేదు. ధర్మారావుగారు పికప్‌కి వచ్చారు, అంతే. ఎయిర్‌పోర్టుకి ఎదురెళ్లి మనిషిని తెచ్చుకోవడం మనవాళ్ల మర్యాద. తెచ్చుకున్న మనిషిని వెంటనే ఇంటికి చేర్చడం అమర్యాద. దారిలో పెసరట్టు తినిపించాలి, కొత్తగా కడుతున్న ఇళ్లు చూపించాలి, ఎవరింట్లోనో కాఫీ తాగించాలి. ఆ రోజు అన్నీ సలక్షణంగా జరిగాయి. ఫణి హాలుకి చేరేసరికి ఇషా గజ్జెలు విప్పేసి ఏడుస్తోంది.

షాంఘైలో దిగిన ఫణికి నిద్రమత్తులో శిక్షణంతా మరపున పడింది. చెయ్యి దానంతటదే కార్డు తీసి డ్రైవరుకిచ్చింది. డ్రైవరు చూశాడు, తలూపాడు, బండి తీశాడు. ఫణి అలవాటుకొద్దీ ప్రశ్నల కోసం కాచుకున్నాడు. గ్రీన్ కార్డు ఎంతవరకు వచ్చిందని డ్రైవరు అడగలేదు. ఇల్లెప్పుడు కొంటావని అడగలేదు. అమ్మాయి లెక్కల్లో ఎలా ఉందని కూడా అడగలేదు. కార్డు మీదున్న చోటే దింపి, రసీదిచ్చి వెళ్లిపోయాడు. మనిషి జన్మ ఎత్తి ఇంత నిర్దయగా ఎలా ఉంటారో ఫణికి అంతుబట్టలేదు. ఆ మర్నాటి నుంచి ఆఫీసు అవగానే ఆ నిర్దయ కోసమే ఊరు ఈ చివర నుంచి ఆ చివరికి టాక్సీలో తిరిగాడు.

శాన్ ఫ్రాన్సిస్కోలో దిగి ఫోన్ తెరిచేసరికి మండలి గ్రూపు హోరెత్తిపోతోంది. పూలదండ, బ్యానరుతో బృందం బయల్దేరింది. దారిలో పెసరట్టు. ఆపైన భీమశంకరంగారింట్లో విందు, 'షాంఘై టాక్సీలు: నా అనుభవాలు' అనే అంశంపై ఆయనదే ఉపన్యాసం. "ఎక్కడికీ కదలకు బాబూ, వచ్చేస్తున్నాం. పాలకని ఆగామంతే," అన్నారు ధర్మారావుగారు ఫోన్లో.

ఫణి సూట్‌కేసు లాక్కుంటూ బయటికొచ్చాడు. ఎదురుగా టాక్సీల వరస. మొదటి బండి డ్రైవరు షాంఘైలో పుట్టిన చెన్ అనే పెద్దాయన. ఫోన్లో హాలు అడ్రస్ చూపించాడు ఫణి. ఆయన చూశాడు, తలూపాడు.

తెర లేచేసరికి ముందు వరసలో సూట్‌కేసుతో సహా నాన్న కూర్చుని ఉండడం చూసి ఇషా ఒక అడుగు తప్పి, నవ్వేసి, మళ్లీ తాళం అందుకుంది. ఫణికి కన్నీళ్లు ఆగలేదు. ఆ ఆనందంలో, జేబులో ఫోన్ మోగుతున్నా పట్టించుకోలేదు.

మండలి అత్యవసరంగా సమావేశమైంది. భీమశంకరంగారు మళ్లీ మైకు అందుకున్నారు. "షాంఘైలో ఎక్కావు, ఓకే, అది ఫారిన్. సొంత ఊళ్లో టాక్సీ ఎక్కుతావా? మేమంతా చచ్చామనుకున్నావా? రేపు మా ఇంటికి భోజనానికొచ్చి, హోటల్లో తినే వచ్చానంటావు!" ఇకమీదట ఫణిని ఎవరూ ఎయిర్‌పోర్టు నుంచి తీసుకురారాదని, అతనూ ఎవరి కోసమూ వెళ్లరాదని శిక్ష విధించారు. ఫణి తల బాగా వంచుకున్నాడు. మొహం కనిపిస్తే శిక్ష రద్దయ్యే ప్రమాదం ఉంది.

సభ ముగిశాక చెప్పుల దగ్గర ధర్మారావుగారు అతని మోచెయ్యి పట్టుకున్నారు. "బాబూ, ఆ టాక్సీ ఆయన నంబరుందా? శనివారం మా తోడల్లుడొస్తున్నాడు. నాకేమో నడుంనొప్పి." తర్వాత ఒకరొకరుగా చాలామందికి నడుంనొప్పులు బయటపడ్డాయి. చివరికి కారు చాటున భీమశంకరంగారే ఎదురయ్యారు. "నంబరివ్వవోయ్. కానీ టాక్సీ అన్న మాట మాత్రం వద్దు. మావాడే అని చెప్పుకుంటాం."

ప్రస్తుతం శాన్ రామన్‌లో ప్రతి తెలుగింటికీ షాంఘైలో పుట్టిన దగ్గరి చుట్టం ఒకాయన ఉన్నారు. చెన్‌గారికి గృహప్రవేశాల పిలుపులు అందుతున్నాయి. మొన్న మండలివారు ఆత్మీయ బంధువు అంటూ శాలువా కూడా కప్పారు. ఆయన చూశారు, తలూపారు. ఆయన ఎవరి తరఫు చుట్టమని మాత్రం ఎవరూ ఎవరినీ అడగరు.

మీరు నవ్వుతున్నారు గానీ, పోయినసారి మీకోసం ఎయిర్‌పోర్టుకి పంపిన ఆ "మావాడు" దారి పొడుగునా తెలుగులో ఒక్క ముక్కైనా మాట్లాడాడా?