పన్ను నొప్పికి ఆకుపచ్చ గీత

జూలై ఎనిమిదో తేదీ నాకు బాగా గుర్తు. ఆ పొద్దున రెండు రొట్టె ముక్కలు, ఒక ఉడకబెట్టిన గుడ్డు తిన్నాను. గుడ్డు పెంకులు ఇంకా పళ్లెంలో ఉండగానే మనవరాలి బడి నుంచి వచ్చిన కాగితం నా చేతికి అందింది. ఆ క్షణం నుంచి మా ఇల్లు బాగుపడింది. మీ ఇల్లూ బాగుపడాలంటే నా మాట వినండి. పిల్లలకు ఇంగ్లిష్ విరామ చిహ్నాలూ, అలంకారాలూ నేర్పే బడిని మించిన లోకోపకారి ఈ భూమ్మీద లేదు!

నవ్వకండి. నేను సీరియస్‌గానే చెబుతున్నాను.

ఇంతకీ ఆ కాగితంలో ఏముంది? ఆరో తరగతి పిల్లలు ప్రతి వ్యాసంలో ఐదు సిమిలీలు, అంటే ఉపమలు, మూడు మెటఫర్లు, అంటే రూపకాలు, రెండు అతిశయోక్తులు వాడాలి. ఆశ్చర్యార్థకాలు నాలుగుకు తగ్గకూడదు. సెమికోలన్ ఒకటి తప్పనిసరి, అది ఎక్కడ పెట్టినా సరే! సిమిలీ కింద ఆకుపచ్చ గీత, మెటఫర్ కింద ఎర్ర గీత, అతిశయోక్తి కింద ఊదా గీత. ఏ గీతా లేని వాక్యానికి మార్కు లేదు. "ఇంట్లో కూడా ఇలాగే మాట్లాడించి అలవాటు చేయగలరు" అని చివర టీచరమ్మ విన్నపం.

విన్నపం చదువుతుంటే నా గతం తలచుకుని సిగ్గేసింది. ముప్పై నాలుగేళ్లు వాతావరణ కేంద్రంలో పనిచేశాను. రోజూ డాబా ఎక్కి, ఆకాశాన్ని మనసులోనే ఎనిమిది ముక్కలు చేసి, ఎన్ని ముక్కల్లో మబ్బు పట్టిందో పుస్తకంలో రాయడం నా పని. "మూడు" అని రాసేవాణ్ణి. ఉత్త మూడు! ఒక్కనాడైనా "దూది పరుపులా" అన్న పాపాన పోలేదు. అని ఉంటే ఈపాటికి డైరెక్టరుగా రిటైరయ్యేవాణ్ణి కాదూ?

మా ఆవిడదీ ఇదే లోపం. ఆవిడ పోయి ఆరేళ్లయింది. "కూరలో ఉప్పెక్కువైంది, చూసి తినండి" అనేది. "చొక్కా తిరగేసి తొడుక్కున్నారు" అనేది. అంత కాపురంలో నన్ను ఒక్కసారి కూడా దేనితోనూ పోల్చలేదు. అది ఎంత దయో అప్పట్లో నాకు తెలియలేదు.

సరే, కొత్త జీవితం మొదలైంది. నేను జడ్జిని. జేబులో మూడు రంగుల పెన్నులు, చేతిలో నోటు పుస్తకం. మనవరాలు ఏం మాట్లాడినా రాసుకోవడం, గీత కొట్టడం. పోలిక లేకుండా అడిగితే ఈ ఇంట్లో మంచినీళ్లు కూడా పుట్టవు!

"తాతయ్యా, నా గొంతు ఎడారిలా ఉంది."

"ఆకుపచ్చ! పోయండమ్మా నీళ్లు!"

కళ్లద్దాల దుకాణంలో పనిచేసే మా అమ్మాయికీ ఇది అంటుకుంది. ఒక పెద్దాయన "అమ్మా, నా చూపు ఎలా ఉంది?" అని అడిగితే, "ఆరిపోబోయే దీపంలా ఉందండీ" అందట. ఆయన అద్దాలు కొనకుండా వీలునామా రాయించడానికి వెళ్లిపోయాడు. చూశారా, అలంకారం మనిషిని ఎలా కదిలిస్తుందో!

ఆగస్టులో ఒక సాయంత్రం మనవరాలు బుగ్గ పట్టుకుని వచ్చింది.

"తాతయ్యా, నా పన్ను అగ్నిపర్వతంలా మండుతోంది!"

"శభాష్! ఆకుపచ్చ!"

"కాదు తాతయ్యా! నా దవడలో సుత్తి పట్టుకుని ఎవరో కూర్చున్నారు!"

నాకు సందేహం వచ్చింది. "అమ్మాయ్, ఇది మెటఫర్‌లోకే వస్తుందా?"

"నొప్పిని మనిషిని చేసింది, పర్సానిఫికేషన్ కదా నాన్నా? దానికి ఇంకో రంగు పెన్ను కొనాలేమో" అంది వంటింట్లోంచి మా అమ్మాయి.

"నేను చచ్చిపోతున్నాను!" అని అరిచింది పిల్ల.

"ఊదా" అన్నాను, తృప్తిగా. ఒక్క పూటలో మూడు రకాలు! ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. మర్నాడు దానికి అన్నం సహించలేదు. "నోరు తాళం వేసిన పెట్టెలా ఉంది" అంది. దానికీ గీత కొట్టాను.

మూడో రోజు పొద్దున కళ్లు తెరిచేసరికి మంచం పక్కన నిలబడి ఉంది. బుగ్గ ఒకవైపు ఉబ్బిపోయింది. ఈసారి అరవలేదు.

"తాతయ్యా. పన్ను నొప్పి."

అలవాటు చొప్పున నా చెయ్యి జేబులోకి పోయింది. ఏ పెన్ను తీయాలో తెలియలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా దాన్ని ఎత్తుకుని పరుగెత్తాను. పదకొండేళ్ల పిల్లను మోయగలనని అప్పుడే తెలిసింది.

"ఎలా ఉందమ్మా నొప్పి?" అని అడిగింది పళ్ల డాక్టరు.

"పిడుగులా..."

"పోలికలొద్దు తల్లీ. ఏ పన్నో వేలు పెట్టి చూపించు."

చూపించింది. ఊడాల్సిన పాల పన్ను ఊడకుండా చీము పట్టింది. పది నిమిషాల్లో తీసేసి, కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టింది డాక్టరు.

"ఇన్నాళ్లు ఏం చేస్తున్నారండీ పెద్దవారు?"

"మార్కులు వేస్తున్నామండీ" అన్నాను.

మర్నాడు బడికి సెలవు చీటీ రాశాను. పిల్లకు పన్ను నొప్పి. పన్ను తీశారు. రెండు రోజులు విశ్రాంతి కావాలి. మూడు వాక్యాలు, మూడు ఫుల్‌స్టాపులు. మా అమ్మాయి దుకాణానికి వెళ్తూ బడిలో ఇచ్చి, సాయంత్రం దాన్నే తిరిగి తెచ్చింది. అడుగున ఎర్ర సిరాతో టీచరమ్మ రాత: "విషయం ఉంది. అలంకారం లేదు. పదికి రెండు. బాధ కళ్లకు కట్టేలా తిరిగి రాస్తే సెలవు పరిశీలిస్తాం."

నా వాదన నేను వదులుకోను. అలంకారాలు గొప్పవే! కాకపోతే చిన్న సందేహం. నొప్పి అంటే నొప్పి అని నమ్మడానికి మనకు ఎన్ని గీతలు కావాలి?

రాత్రి భోజనాలయ్యాక ఆ మూడు వాక్యాలనే మళ్లీ శుభ్రంగా రాశాను. ఒక్క అక్షరం కూడా కలపలేదు. కవరులో పెట్టి, దానితో పాటు పన్ను కూడా పెట్టి, అంటించాను. కళ్లకు కట్టాలన్నారు కదా!

మనవరాలు గదిలోంచి, ఇంకా వాపు తగ్గని బుగ్గతో, ముద్దముద్దగా అడిగింది.

"సిమిలీ పెట్టావా, తాతయ్యా?"

"లేదు."

"అమ్మయ్య" అని అటు తిరిగి పడుకుంది.

కాసేపు గుమ్మంలోనే నిలబడ్డాను. ఊపిరి నెమ్మదిగా, ఒకే తీరుగా వినిపిస్తోంది. దీపం ఆర్పి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేశాను.