యెహెజ్కేలు గారి లెవల్ టూ భుజం

పెళ్లి సంబంధాలు వెతుక్కుంటున్న కెనడా తెలుగు యువకులారా, నా మాట వినండి. డాక్టరమ్మాయి వద్దు. సాఫ్ట్‌వేర్ అమ్మాయి అసలే వద్దు. శనాదివారాలు కోర్సులకు వెళ్లే ఫిజియోథెరపిస్టు దొరికితే కళ్లు మూసుకుని ఒప్పేసుకోండి!

నవ్వకండి. నేనేదో ఊసుపోక అనడం లేదు. మా విండ్సర్ యెహెజ్కేలు గారి భోగం చూసి, కుళ్లుకుని అంటున్నాను.

యెహెజ్కేలు గారిది భీమవరం దగ్గర. ఇక్కడ కార్ల ఫ్యాక్టరీలో పని, ఆదివారం మా తెలుగు క్రైస్తవ సహవాసంలో డోలక్. ఆయన భార్య రూపవతి ఫిజియోథెరపిస్టు. ఈ దేశంలో ఫిజియోథెరపిస్టుకు చదువు ఎప్పటికీ అయిపోదన్న సంగతి మీకు తెలుసా? డిగ్రీ చేతికొచ్చాక మెడకొక కోర్సు, నడుముకొక కోర్సు, మోకాలికొక కోర్సు. మళ్లీ ఒక్కోదానికి లెవల్ వన్, లెవల్ టూ. అన్నీ చేత్తో పట్టి, నొక్కి, లాగి, తిప్పి నేర్చుకోవలసినవే. దేవుడు ఆదామును ఒక్కరోజులో చేసేశాడు. ఆ ఒక్కరోజు పనిని రూపవతి ఏళ్ల తరబడి వీకెండుల్లో నేర్చుకుంటూనే ఉంది.

నేర్చుకున్నది చేతికి రావాలంటే ప్రాక్టీస్ చేయాలి. ప్రాక్టీసుకు ఒక ఒళ్లు కావాలి. ఇంట్లో తేరగా దొరికే ఒళ్లు ఎవరిది?

ఎంత అదృష్టం! ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మనిషి బూట్లు విప్పకముందే, "ఏవండీ, ఏదీ, మళ్లీ ఒకసారి గుమ్మం దాకా నడిచి రండి" అంటుంది రూపవతి. ఆయన నడుస్తారు. "కుడి తుంటి కాస్త బద్ధకిస్తోంది" అంటుందావిడ. మీ ఆవిడ మిమ్మల్ని చివరిసారిగా అంత శ్రద్ధగా ఎప్పుడు చూసిందండీ? పెళ్లిచూపుల్లోనూ చూసి ఉండదు!

మెడ కోర్సు నడిచినన్నాళ్లు ఆయన టీవీలో హాకీని పైకప్పుకేసి చూస్తూ చెవులతోనే ఆస్వాదించారు. పక్కటెముకల కోర్సు వచ్చాక, తనకు మెడ మొదట్లోనే ఒక పక్కటెముక ఉందనీ, దానికి కాస్త పొగరెక్కువనీ తెలుసుకున్నారు. అంతవరకూ దాని సంగతే తెలియకుండా ఎలా బతికానా అని ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటారు.

ఇక దవడ కోర్సు! ఆవిడ గ్లవ్స్ తొడుక్కుని, రెండు బొటనవేళ్లూ ఆయన నోట్లో పెట్టి దవడ కీలును వెతుకుతూ ఉండేది. ఆ నెలంతా వాళ్లింట్లో ఒక్క గొడవ లేదు. నోట్లో వేళ్లుండగా పెళ్లానికి ఎదురు చెప్పిన మగాడు ఎక్కడైనా ఉన్నాడా? పక్క నుంచి వెళ్తూ కూతురు ఏనీ మాత్రం, "డాడ్, హెల్ప్ కావాలంటే బ్లింక్ ట్వైస్!" అంది. ఆయన బ్లింక్ చేయలేదు. నిజంగానే హాయిగా ఉందట.

ఒక్క మాట మరిచిపోకండి. ఇన్ని వైద్యాలు జరుగుతున్నప్పుడు ఆయనకు ఒంట్లో ఏ బాధా లేదు.

బాధ డిసెంబర్లో వచ్చింది. పొడి మంచు కాదు, తడిపిన సిమెంటులాంటి మంచు పడింది. యెహెజ్కేలు గారు పారతో తన ఇంటి ముందు డ్రైవ్‌వే మీది మంచు ఎత్తిపోశారు. అంతటితో ఊరుకోవచ్చు కదా! పొరుగువాణ్ణి ప్రేమించాలనుకుని పక్కింటి డ్రైవ్‌వే మీదిది కూడా ఎత్తిపోశారు. కుడి జబ్బ పట్టేసింది. ఆ చెయ్యి భుజం ఎత్తుకు లేస్తే ఒట్టు.

క్రిస్మస్ ఆరాధన ముంచుకొస్తోంది. మా సహవాసంలో డోలక్ వాయించేది ఆయనొక్కరే. సంఘపెద్ద ఆరన్ గారు ఫోన్ చేసి, "బ్రదర్, మీ చెయ్యి లేవకపోతే మొహమాటపడకండి. మా వాడు కీబోర్డులో రిథమ్ బటన్ నొక్కేస్తాడు, పాటకు పాట అదే వాయించుకుంటుంది" అన్నారు. భీమవరం నుంచి విమానంలో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్న డోలక్ అది. దాని స్థానంలో బటనా! జబ్బ నొప్పిని ఎలాగో ఓర్చుకున్న మనిషికి ఆ మాట విని కళ్లలో నీళ్లు తిరిగాయి.

అయినా మనకేం, ఇంట్లోనే వైద్యం ఉంది కదా అనుకుని చొక్కా విప్పి రూపవతి ముందు కూర్చున్నారు. రూపవతి రెండడుగులు వెనక్కు వేసింది.

"నేను ముట్టుకోనండి."

"అదేంటి రూపా?"

"ఇన్నాళ్లూ మీకు నొప్పి లేదు కాబట్టి ప్రాక్టీస్ చేసుకున్నాను. ఇప్పుడు నొప్పి ఉంది కాబట్టి అది ట్రీట్‌మెంట్ అవుతుంది. ఇంట్లోవాళ్లను ట్రీట్ చేయకూడదు, అది మా రూల్. వేరే క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోండి."

చూశారా, ఎంత చక్కని రూలో! బాగున్నంతకాలం చెయ్యి వేయవచ్చు. బాగోలేకపోతేనే తప్పు!

సరే, ఆయన మరో క్లినిక్‌కు వెళ్లారు. అక్కడి ఫిజియో ప్రణీత్ మన తెలుగు కుర్రాడే. ఖమ్మం వాడు, బుద్ధిమంతుడు, వెనకాల గోడ నిండా సర్టిఫికెట్లు. ఆ గోడ చూడగానే యెహెజ్కేలు గారి ప్రాణం లేచొచ్చింది. ప్రణీత్ హాట్ ప్యాక్ వేశాడు. కరెంట్ పెట్టాడు. ఎక్సర్‌సైజుల బొమ్మలున్న కాగితం ఇచ్చాడు. మిగిలిన సమయమంతా కంప్యూటర్లో టైప్ చేశాడు.

"బాబూ, ఒక్కసారి చెయ్యి వేసి చూడవా?"

"నాకూ వేయాలనే ఉందంకుల్. ఆ కర్టెన్ వెనకాల ఒకరున్నారు, ఈ కర్టెన్ వెనకాల ఇంకొకరు. అక్కడ సైకిలెక్కించినాయన ఎప్పుడనగా ఎక్కిండో, ఈపాటికి టొరంటోకు పోయేటోడు."

యెహెజ్కేలు గారు గోడ వైపు చూపించారు. "మరి ఇవన్నీ?"

ప్రణీత్ ముఖం వెలిగిపోయింది. "భుజం లెవల్ వన్ కంప్లీట్ చేశానంకుల్. సూపర్ కోర్స్!"

ఇంటికొచ్చి ఈ కథంతా చెప్పి ఆయన పడీ పడీ నవ్వారు. రూపవతి నవ్వలేదు.

"మా దగ్గరా అంతేనండి. ఇవాళ పొద్దున్నుంచి ఒక్క మనిషి మీద చెయ్యి వేయలేదు. మెషీన్లు తగిలించాను, ప్రింటౌట్లు ఇచ్చాను. కోర్సుకు వెళ్లినప్పుడే నేను ఫిజియోనన్న సంగతి గుర్తొస్తుంది" అని తన అరచేతులకేసి చూసుకుంది. ఆవిడ్ని అలా చూస్తే ఆయనకు జబ్బ నొప్పి కాసేపు జ్ఞాపకం రాలేదు.

ఉన్నట్టుండి ఆవిడే అంది. "శనివారం బార్డర్ అవతల డెట్రాయిట్‌లో భుజం లెవల్ టూ ఉంది. నాకు జతగా రావలసినావిడ మానేసింది. ఎవరినైనా తెచ్చుకోమన్నారు. కానీ ఏ నొప్పీ లేనివాళ్లే రావాలట."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఏవండీ, మీకు నొప్పి ఉందా?"

యెహెజ్కేలు గారు సత్యసంధుడు. పాపం, చాలాసేపు ఆలోచించారు. "నొప్పా? ఎక్కడ?" అన్నారు.

దారి పొడవునా ఆ ఒక్క మాటే వల్లించుకున్నారు. బార్డర్ దగ్గర ఆఫీసర్ కారు అద్దం దించమని, ఎక్కడికని అడిగేలోపే, "నో పెయిన్, సర్!" అని అరిచారు. ఆఫీసర్ ఆయన్ని ఎగాదిగా చూసి పంపించేశాడు.

ఇక ఆ హాల్లో జరిగిన వైభవం ఏమని చెప్పను! వరసగా బల్లలు, బల్లల మీద ఫిజియోలు, ఫిజియోల మీద ఫిజియోలు. ఒక్క కంప్యూటర్ లేదు, ఒక్క కర్టెన్ లేదు, ఎవరికీ తొందర లేదు. రెండు దేశాల్లోని గొప్ప గొప్ప చేతులన్నీ అక్కడే ఉన్నాయి. నిక్షేపంలాంటి భుజాలను పట్టుకుని, కళ్లు మూసుకుని, ప్రార్థనలో ఉన్నట్టు వాటి లోపలి సంగతులు వింటున్నాయి. పాఠం చెప్పే పెద్దావిడ చుట్టూ చూసి డెమోకు యెహెజ్కేలు గారినే పిలిచింది. "ఆరోగ్యవంతుడి భుజం ఇలా ఉంటుంది, గమనించండి" అంటూ చెయ్యి తిప్పింది. ఆరోగ్యవంతుడు పళ్లు బిగబట్టి చిరునవ్వు నవ్వారు!

తరువాత ఒక్కొక్కరే వచ్చి చెయ్యి వేశారు. వాళ్లలో ప్రణీత్ ఉన్నాడు.

"అంకుల్! మీరా?"

"నాకు నొప్పి లేదు బాబూ" అన్నారు ఆయన గబగబా.

ప్రణీత్ ఆ చేతిని రెండు చేతులతో నిదానంగా పట్టుకున్నాడు. వేలు మెల్లగా జరిగి, జరిగి, ఒకచోట ఆగింది.

"నొప్పి లేనిది ఇక్కడే కదంకుల్?" అన్నాడు చెవిలో.

యెహెజ్కేలు గారు తల ఊపారు.

ఆ తరువాత ఇంట్లో ప్రతి సాయంత్రం లెవల్ టూ ప్రాక్టీసే. నొప్పి లేనివాడు కదా, రూల్ అడ్డు రాలేదు! క్రిస్మస్ నాడు డోలక్ మోగిందంటే మోగింది. ఆరన్ గారి అబ్బాయి కీబోర్డు ఆపేసి చప్పట్లు కొట్టాడు. నేనూ కొట్టాను.

ఆరాధన అయ్యాక బిర్యానీ ప్లేట్లతో కూర్చున్నాం. కాకినాడ ఆంటీ కుంటుతూ వచ్చి రూపవతి పక్కన కూలబడింది.

"అమ్మా రూపా, మోకాలు నొప్పి చంపేస్తోందే. క్లినిక్కు వెళ్తే కరెంట్ పెట్టి పంపేస్తున్నారు. ముట్టుకునే దిక్కు లేదు."

రూపవతి నోరు తెరిచేలోపే యెహెజ్కేలు గారు అటూ ఇటూ చూసి ముందుకు వంగారు.

"ఉష్! ఆ మాట అనకండి ఆంటీ. వచ్చే నెల మోకాలి కోర్సు ఉంది. మీకు ఏ నొప్పీ లేదంటే తీసుకెళ్తాం."

ఆంటీ ఆయన్ని ఒక్క క్షణం చూసింది. మరుక్షణం కుర్చీ పట్టుకుని లేచి నిలబడింది.

"నాకేం నొప్పి? గుండ్రాయిలా ఉన్నాను!" అంటూ, ఇప్పుడే బయల్దేరేదానిలా కుంటుకుంటూ వెళ్లి కోటు తెచ్చుకుంది.